మాజీ సైనికులకు: అరవై దాటాక మళ్లీ పెళ్లి ఎలా చేసుకోవాలి

అల్వాల్, మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, యాప్రాల్ వైపు ఉండే మాజీ సైనికులు కనపడినప్పుడల్లా నన్ను అడిగేది ఒక్కటే. "అన్నా, రెండో పెళ్లి చేసుకున్నావు కదా, పీపీఓలో ఆమె పేరు ఎలా ఎక్కించావు?" పీపీఓ అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్, మన పెన్షన్ వివరాలు ఉండే ఉత్తర్వు. ముందు కాగితాల సంగతి అడుగుతారు. చాయ్ తాగేలోపు అసలు మాట బయటికి వస్తుంది. "మొదటామెను సరిగ్గా చూసుకోలేదు అన్నా. ఈసారైనా ఒక మనిషిని బాగా చూసుకోవాలని ఉంది."

నేను 1982లో ఆర్మీలో చేరి 2006లో నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యాను. 2014లో నా భార్య చనిపోయింది. 61వ ఏట మళ్లీ పెళ్లి చేసుకున్నాను. అందులో చేసిన తప్పులు, నేర్చుకున్నవి, నాలాంటి మరికొందరి ఇళ్లలో దగ్గరుండి చూసినవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. కాగితాలతో పాటు మనసు సంగతీ రాస్తాను. మనసులో లెక్క తేలకుండా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కితే ఆ పెళ్లి ఆమెకు శిక్ష అవుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిశ్చార్జ్ బుక్, పీపీఓ, ఇప్పటిదాకా వచ్చిన కారిజెండమ్ (సవరణ) పీపీఓలన్నీ
- ఇద్దరి ఆధార్, పాన్, పుట్టిన తేదీ రుజువు, ఫొటోలు
- మీ మొదటి భార్య మరణ ధ్రువీకరణ పత్రం, లేదా కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ
- ఆమె వైపు నుంచి కూడా అలాంటిదే: భర్త మరణ ధ్రువీకరణ పత్రం లేదా డిక్రీ
- స్పర్శ్ (రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) లాగిన్, పాస్‌వర్డ్, దానికి కలిపిన ఫోన్ నంబరు
- ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, క్యాంటీన్ కార్డు
- ఇల్లు, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల జాబితా, ఒక్కోదానికి నామినీ ఎవరో రాసిన కాగితం
- కనీసం ఆరు నెలల టైమ్

చివరిది నవ్వులకు రాయలేదు. నెల రోజుల్లో అయిపోవాలని పరుగెత్తినవాళ్లే తర్వాత ఎక్కువ తిరిగారు.

మొదటి మెట్టు: ఎవరి బాకీ ఎవరికి తీరుస్తున్నారో తేల్చుకోండి

పోయిన మనిషికి ఉన్న బాకీని ఇంకో మనిషికి కట్టలేం. నాకు ఇది చాలా ఆలస్యంగా అర్థమైంది.

నా భార్య ఇంటి ఖర్చులు ఒక నోటు పుస్తకంలో రాసేది. ఆమె పోయిన చాలా ఏళ్లకు, పెళ్లి ఆలోచన వచ్చాక, ట్రంకు అడుగున ఆ పుస్తకం దొరికింది. శ్రీలంక నుంచి మా యూనిట్ తిరిగొచ్చాక నన్ను జబల్‌పూర్ వేశారు. అక్కడ విపరీతంగా తాగేవాణ్ని. 1991లో నాలుగు నెలలు ఇంటికి డబ్బు పంపలేదు. పుస్తకంలో ఆ నాలుగు నెలల పేజీల్లో పైన ఒకటే మాట: "మనియార్డర్ రాలేదు". మూడో నెల కింద "గాజులు కుదువ 3,000". ఆ తర్వాతి లైన్‌లో "పాప స్కూల్ ఫీజు". ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె నన్ను దాని గురించి అడగలేదు. నేను సెలవుకు వచ్చినప్పుడు చేతులకు మట్టి గాజులు ఉన్నాయని కూడా గమనించలేదు.

ఆ పుస్తకం పట్టుకుని నా కూతురి దగ్గరికి వెళ్లాను. మళ్లీ పెళ్లి చేసుకుని వచ్చే ఆమెను బాగా చూసుకుంటానని చెప్పాను. నా కూతురు అన్న మాట ఇది: "అమ్మకు చేయాల్సినవన్నీ ఆమెకు చేసి, అది చూసి మమ్మల్ని సంతోషపడమంటావా నాన్నా?"

కాబట్టి పెళ్లి మాట ఎత్తకముందే ఒక కాగితం మీద రెండు జాబితాలు రాయండి. ఒకటి, మీరు నష్టపరిచిన మనుషుల్లో ఇప్పుడు బతికున్నవాళ్లు. రెండోది, పోయినవాళ్లు. బతికున్నవాళ్లకు చేయగలిగింది వాళ్లకే చేయండి. కొడుకు పెళ్లికి ఇస్తానన్న డబ్బు ఇవ్వకపోతే ఇవ్వండి. బావమరిదిని తాగి కొట్టి ఉంటే వాళ్ల ఇంటికి వెళ్లి క్షమించమని అడగండి. పోయినవాళ్ల పేర్ల ముందు కూర్చోండి, ఏడుపు వస్తే ఏడవండి. ఆ రెండో జాబితాను మాత్రం కొత్తామె నెత్తిన పెట్టకండి.

క్షమాపణ అడిగేటప్పుడు చాలామంది చేసే తప్పు: "ఫౌజీ బతుకు కదా, ఏం చేస్తాం" అని మొదలుపెట్టడం. అది సంజాయిషీ. జరిగింది జరిగినట్టు చెప్పాలి. "1991లో నాలుగు నెలలు డబ్బు పంపలేదు. తాగాను. అమ్మ గాజులు కుదువపెట్టి నీ ఫీజు కట్టింది." నేను అలా చెప్పాక నా కూతురు ఏం మాట్లాడలేదు. లేచి వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చింది. మళ్లీ ఫోన్ చేయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు మనం ఆగాలి.

ఇంకో జాగ్రత్త. తన పక్కనే పోయిన సైనికుడి భార్యను పెళ్లి చేసుకుంటే రుణం తీరుతుందని అనుకునేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసిన ఒక సుబేదార్ సాబ్ ఇదే మాట మీద ఒకావిడ ఇంటికి వెళ్లారు. ఆమె అంతా విని, "మీకు నిద్ర పట్టడానికి నేను రావాలా అన్నయ్యా?" అని అడిగారట. ఆయన ఇప్పటికీ ఏటా వాళ్లింటికి వెళ్లి పిల్లల యోగక్షేమాలు కనుక్కుని వస్తారు. ఆ సంబంధానికి అది చాలు.

రెండో మెట్టు: మందు, నిద్ర

క్యాంటీన్‌లో వచ్చే మందు కోటా మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తుందో నిజాయితీగా లెక్క వేయండి. నెల సరుకు వారంలో అయిపోతుంటే పెళ్లి ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో డాక్టరుకు చెబితే మానసిక వైద్యుడికి రిఫర్ చేస్తారు. హైదరాబాద్‌లో తాగుడు మానాలనుకునేవాళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు కూడా జరుగుతాయి. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం, దీపావళి టపాసులకు చెమటలు పట్టడం, పక్కన పడుకున్న మనిషి మీద చెయ్యి విసరడం ఉంటే దాన్ని దాచకండి. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మానేశానని అనుకోవడానికి నా లెక్క ఆరు నెలలు. "పెళ్లయితే మానేస్తాను" అనే మాట నేనూ నా మొదటి పెళ్లికి ముందు అన్నదే.

మూడో మెట్టు: పిల్లలకు మీ నోటితోనే చెప్పండి

అనుమతి అడగాల్సిన అవసరం లేదు, కానీ చెప్పాల్సిన అవసరం ఉంది. మతంతో పని లేకుండా ఆఫీసులో పెళ్లి చేసే స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద వెళ్తే మీ పేరు, అడ్రసుతో ఉన్న నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు. పిల్లలకు ఈ సంగతి దాని ద్వారానో, పక్కింటివాళ్ల నోటినుంచో తెలిస్తే ఇక ఏం చెప్పినా వినరు.

కోడళ్లు, అల్లుళ్లు లేకుండా ముందు కన్నపిల్లలతో మాట్లాడండి. ఫోన్‌లో వద్దు. అమెరికాలో ఉంటే వీడియో కాల్ చేయండి, తప్పదు. "ఈ వయసులో ఇదేం బుద్ధి, నలుగురూ నవ్విపోతారు" అంటారు. అననివ్వండి. 1881లో కందుకూరి వీరేశలింగం పంతులు రాజమండ్రిలో వితంతు వివాహం చేయించినప్పుడు నలుగురూ నవ్వడమే కాదు, వెలివేశారు. నలుగురి మాట కొన్నాళ్లుంటుంది. పిల్లల భయం మాత్రం నిజమైనది, అది ఎక్కువగా ఇంటి గురించే. అది అత్యాశ అని తిట్టకండి. వాళ్ల అమ్మ కడుపు కట్టుకుని కట్టించిన ఇల్లు అది. దానికి జవాబు ఆరో మెట్టులో చెప్పిన వీలునామా. ఆ కాగితం సిద్ధమయ్యాక రెండోసారి కూర్చుని మాట్లాడండి.

నాలుగో మెట్టు: సంబంధం వెతకడం

చుట్టాల్లో, పాత యూనిట్ స్నేహితుల ద్వారా దొరికిన సంబంధాలే ఎక్కువ నిలబడ్డాయి. హైదరాబాద్‌లో పెద్ద వయసువాళ్ల తోడు కోసమే పనిచేసే 'తోడు నీడ' అనే సంస్థ ఉంది, వాళ్ల సమావేశాలకు వెళ్లొచ్చు. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లలో వెతికితే ఒక నియమం పెట్టుకోండి: ఇద్దరూ ఎదురెదురుగా రెండుసార్లు కలిసి, ఆమె ఇల్లు చూసి, ఆమె తరఫు మనిషి ఒకరితో మాట్లాడేదాకా ఒక్క రూపాయి పంపకూడదు. ఆసుపత్రి బిల్లు అన్నా, కస్టమ్స్‌లో పార్సిల్ ఆగిందన్నా సరే. పీపీఓ ఫొటో, ఆధార్, స్పర్శ్ పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పెట్టొద్దు.

ఆమె కూడా మీ గురించి అంతే జాగ్రత్త పడాలి. మీ ఇల్లు చూపించండి, మీ పిల్లల నంబరు ఇవ్వండి.

ఐదో మెట్టు: ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం

పార్కులోనో, హోటల్లోనో పగటిపూట కలవండి. సెలక్షన్ బోర్డులా ప్రశ్నలు వేయకండి. మనకు ఆ అలవాటు ఉంది, గొంతు కూడా అలాగే వస్తుంది. నేను మొదటిసారి కలిసినప్పుడు "టైమ్‌కి రావాలి" అన్నాను. ఆమె ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కనీసం ఈ విషయాలు తేల్చుకోవాలి:

- వంట ఎవరు చేస్తారు, ఒంట్లో బాగోలేని రోజు ఏం చేస్తారు. భార్య కావాలా, వంటమనిషి కావాలా అని మిమ్మల్ని మీరు ముందు అడిగి చూసుకోండి. వంటమనిషే కావాలంటే జీతమిచ్చి పెట్టుకోండి.
- గోడ మీద ఉన్న మొదటామె ఫొటో. తీసేయమని ఆమె అడగకపోవచ్చు, మీరు కూడా తీయక్కర్లేదు. ఎక్కడ ఉండాలో ఇద్దరూ కలిసి అనుకోండి. మా ఇంట్లో హాల్లోనే ఉంది, పక్కన ఈమె మొదటి భర్త ఫొటో కూడా ఉంది.
- ఆమె రోజు ఎలా గడుస్తుంది. మనవరాలిని స్కూల్ నుంచి తెచ్చే పని ఉంటే పెళ్లయ్యాక కూడా అది ఉంటుంది.
- ఇద్దరి జబ్బులు. షుగర్, బీపీ, మోకాళ్లు, ఫైరింగ్ వల్ల పోయిన చెవి. రిపోర్టులు మార్చుకుని చూడండి.
- డబ్బు. ఆమె ఖాతా ఆమె పేరునే ఉండాలి. దాని జోలికి వెళ్లొద్దు.
- మీ పాత తప్పులు.

నేను ఆ నోటు పుస్తకాన్ని ఆమెకు చూపించాను. చాలాసేపు పేజీలు తిప్పింది. గాజుల లైన్ దగ్గర వేలు పెట్టి ఆగింది. తర్వాత ఒక్కటే అడిగింది, "ఇప్పుడు తాగుతారా?" లేదన్నాను. "ఎన్నాళ్లైంది?" పద్నాలుగు నెలలు అన్నాను. "ఇంకో మూడు నెలలు చూసి చెప్తాను" అంది. చెప్పినట్టే మూడు నెలల తర్వాత ఫోన్ చేసింది.

చెప్పకుండా పెళ్లి చేసుకుంటే ఎవరో ఒక చుట్టం చెప్తారు. అప్పుడు చెప్పింది ఒక లెక్క, మీరే ముందు చెప్పింది ఇంకో లెక్క.

ఆమె పెన్షన్ సంగతి తప్పకుండా చూడండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మొదటి భర్త ద్వారా ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే, మళ్లీ పెళ్లితో అది సాధారణంగా ఆగిపోతుంది. పిల్లలు లేని వితంతువుకు కేంద్ర ప్రభుత్వ పెన్షన్లలో కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది. యుద్ధంలో పోయిన సైనికుల భార్యలకు వేరే నియమాలు ఉన్నాయి. పెన్షన్ ఇచ్చే ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికొచ్చాకే ముహూర్తం అనుకోండి. చెప్పకుండా తీసుకుంటూ పోతే తర్వాత మొత్తం వెనక్కి కట్టమంటారు.

లెక్క ఇలా వేసుకోండి. మామూలు సర్వీస్ పెన్షన్ ఆఖరి జీతంలో 50 శాతం, సాధారణ ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. అంటే మీ బేసిక్ పెన్షన్ 30,000 అయితే, మీ తర్వాత ఆమెకు సుమారు 18,000, దానిపై డీఆర్ (కరువు భత్యం) వస్తుంది. ఇప్పుడు ఆమెకు 22,000 వస్తుంటే ఈ పెళ్లితో ఆమె నష్టపోతోంది. ఆ తేడాకు ఫిక్స్‌డ్ డిపాజిటో, ఇంకో ఏర్పాటో ఆమె పేరున ముందే చేయండి. చేయలేకపోతే ఆ మాట ఆమెకు స్పష్టంగా చెప్పి, నిర్ణయం ఆమెకు వదిలేయండి.

ఆరో మెట్టు: ఆస్తి, వీలునామా

హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం, మీరు వీలునామా రాయకుండా పోతే మీ స్వార్జితం మీ భార్యకు, పిల్లలకు, తల్లి ఉంటే ఆమెకు సమానంగా వెళ్తుంది. రెండో భార్యకు కూడా ఒక బిడ్డతో సమానమైన వాటా వస్తుంది. ఆమె తర్వాత ఆ వాటా ఆమె పిల్లలకు పోతుంది. మీ పిల్లలు భయపడేది దీనికే, ఆ భయంలో తప్పులేదు.

ఎక్కువమందికి కుదిరిన పద్ధతి: ఇంట్లో ఆమె బతికున్నంతకాలం ఉండే హక్కు ఆమెకు, ఆ తర్వాత ఇల్లు మీ పిల్లలకు అని వీలునామా రాయడం. నగదు, డిపాజిట్లు కొన్ని పూర్తిగా ఆమెకే. దీనివల్ల మీరు పోయిన మర్నాడు ఆమెను ఎవరూ బయటికి పొమ్మనలేరు, పిల్లల ఇల్లూ పోదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. భార్య పోషణ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి, జీవితకాలం వరకే అని రాసినా, ఆమెకు పూర్తి హక్కుగా మారొచ్చని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నెట్‌లో దొరికిన నమూనా చూసి రాయకండి. లాయరుతో ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా చూపించి రాయించండి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. ఆస్తి వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. ఇద్దరి మతాలు వేరై స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి చేసుకుంటే వారసత్వానికి ఇండియన్ సక్సెషన్ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకపోతే అందులో భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగతా రెండు వంతులు.

బ్యాంకులో నామినీ మార్చేస్తే సరిపోతుందని అనుకోవద్దు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, ఆ డబ్బు ఎవరిదో చెప్పేది వీలునామా.

ఏడో మెట్టు: పెళ్లి, రిజిస్ట్రేషన్

మొదటి భార్య బతికుండి కోర్టు డిక్రీ లేకపోతే ఇక్కడే ఆగిపోండి. "ఇరవై ఏళ్ల కిందే పెద్దమనుషుల్లో కాగితం రాసుకుని విడిపోయాం" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ కాగితాన్ని నమ్ముకుని పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లే చెల్లకుండా పోవచ్చు, కేసు కావచ్చు, కొత్తామెకు రేపు పెన్షనూ రాదు. డిక్రీ వచ్చినా అప్పీలు గడువు 90 రోజులు దాటాలి.

ఇద్దరూ హిందువులైతే గుడిలోనో, ఆర్యసమాజంలోనో చేసుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఆర్యసమాజం ఇచ్చే కాగితం ఒక్కటే చాలదు. నిఖానామా, చర్చి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కూడా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మీ సర్వీస్ వివరాలు ఉంచే రికార్డ్ ఆఫీసులో ప్రశ్నలు తగ్గుతాయి.

స్పెషల్ మ్యారేజ్ చట్టం 1954 కింద అయితే:

1. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి.
2. అభ్యంతరాలకు 30 రోజులు ఆగాలి.
3. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి జరగాలి. దాటితే మళ్లీ కొత్త నోటీసు.
4. ఆ రోజు ముగ్గురు సాక్షులు కావాలి.

ముగ్గురు సాక్షుల్లో ఒకరు మీ బిడ్డ అయితే మంచిది. బలవంతం చేయకండి. నా కొడుకు రాలేదు, కూతురు వచ్చింది.

పేర్ల స్పెల్లింగ్. మన తెలుగు పేర్లను భర్తీ రోజున ఉత్తరాది క్లర్కు ఎలా విన్నాడో అలా రాశాడు. ఇంటిపేరు పోయింది, వెంకటేశ్వర్లు వెంకటేశ్వర రావు అయ్యాడు, పుట్టిన తేదీ బడి హెడ్మాస్టరు వేసింది. ఆధార్‌లో ఒకటి, డిశ్చార్జ్ బుక్‌లో ఒకటి ఉంటే పెళ్లికి ముందే సరిచేయించండి. పెళ్లి సర్టిఫికెట్‌లో మీ పేరు పీపీఓలో ఉన్నట్టే పడాలి. అది చేతికిచ్చే ముందు కౌంటర్ దగ్గరే నిలబడి ఒక్కో అక్షరం చదవండి.

ఎనిమిదో మెట్టు: పీపీఓ, ఈసీహెచ్‌ఎస్

రిటైరయ్యాక చేసుకున్న పెళ్లికి ఫ్యామిలీ పెన్షన్ రాదని ఇప్పటికీ కొందరు చెప్తున్నారు. 1989లో భగవంతి కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది, రిటైర్మెంట్ తర్వాత పెళ్లాడిన భార్యకూ హక్కు ఉంది. కాకపోతే పేరు రికార్డులోకి ఎక్కాలి.

వరుస ఇది. ముందు మొదటామె మరణం రికార్డుల్లో నమోదైందో లేదో చూడండి. చాలామంది అది చెప్పనే లేదు, రికార్డుల్లో ఆమె ఇంకా బతికే ఉంటుంది. దాంతోపాటు కొత్త పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరి జాయింట్ ఫొటో, ఆధార్, పాన్, అఫిడవిట్ పెట్టి మీ రికార్డ్ ఆఫీసుకు అప్లై చేయాలి. ఆర్మీలో ఈఎంఈ, ఏఓసీ శాఖల వాళ్లకు అదృష్టం, రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి, స్వయంగా వెళ్లొచ్చు. ఆర్టిలరీ వాళ్లు గోల్కొండలో ట్రైనింగ్ అయినా రికార్డ్స్ నాసిక్ రోడ్‌లో ఉంటాయి, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, మద్రాస్ రెజిమెంట్‌వి వెల్లింగ్టన్‌లో. రికార్డ్స్ పరిశీలించాక ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసు కారిజెండమ్ పీపీఓ ఇస్తుంది. కాగితాలు నింపడం రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు. ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి.

పోస్టులో పంపితే స్పీడ్ పోస్టులోనే పంపండి, రసీదు పెట్టుకోండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు, అటెస్టెడ్ కాపీలే. నా ఫైలు ఒక ఆఫీసులో మూడు నెలలు కదలలేదు. కారణం, జాయింట్ ఫొటో వెనక సంతకం లేదు. ఫోన్ చేసి అడిగేదాకా ఎవరూ చెప్పలేదు. అందుకే ప్రతి పదిహేను రోజులకు ఒకసారి అడగండి.

మీకో, మొదటామెకో వికలాంగులైన బిడ్డ ఉంటే ఆ బిడ్డ పేరు కూడా పీపీఓలో ఉందో లేదో ఇదే సమయంలో చూసి ఎక్కించండి.

తర్వాత ఈసీహెచ్‌ఎస్‌లో ఆమె పేరు, క్యాంటీన్ డిపెండెంట్ కార్డు, బ్యాంకులో ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింట్ ఖాతా. ఆమె మొదటి సంబంధం పిల్లలకు కూడా ఈసీహెచ్‌ఎస్ వస్తుందని ముందే మాటివ్వకండి.

తొమ్మిదో మెట్టు: మొదటి ఆరు నెలలు

పొద్దున నాలుగున్నరకు లేచి లైట్లు వేయొద్దు. దుప్పటి మడత గురించి మాట్లాడొద్దు. "మా ఆవిడైతే ఇలా చేసేది" అనే మాట నోట్లోంచి రానీయకండి, పొగడ్తగా కూడా. అతిగా సేవ చేసినా కష్టమే. నేను మొదటి నెలంతా ఆమెను గిన్నె ముట్టనివ్వలేదు, అడగకుండా చీరలు కొన్నాను. ఒకరోజు ఆమె, "మీరు ఇవన్నీ నాకు చేస్తున్నట్టు లేదు" అంది. నిజమే, నేను చేస్తున్నది ఆ నోటు పుస్తకానికి. ఆ రోజు నుంచి ఏది కావాలో అడిగి చేయడం మొదలుపెట్టాను. ఆమెకు కావాల్సింది చీరలు కాదు, సాయంత్రం వాకింగ్‌కు తోడు, టీవీ సౌండ్ తగ్గించడం.

అంతా సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది

- కారిజెండమ్ పీపీఓలో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం కలవాలి. స్పర్శ్‌లో లాగిన్ అయి అక్కడా చూడండి.
- ఆమెను ఒకసారి ఒంటరిగా పాలీక్లినిక్‌కు పంపండి. మీరు పక్కన లేకుండా ఆమె కార్డుతో మందులు వస్తేనే కార్డు పనిచేస్తున్నట్టు.
- బ్యాంకులో ఆమె సంతకంతో వెయ్యి రూపాయలు తీసి చూడమనండి.
- వీలునామా ఎక్కడుందో ఆమెకు, మీ పిల్లల్లో ఒకరికి, ఇద్దరికీ తెలియాలి.
- మీరు ఇంట్లో లేనప్పుడు మీ పిల్లలు ఆమెకు ఫోన్ చేస్తున్నారా? మొదటి ఏడాది చేయకపోయినా కంగారు పడకండి.
- ఆమె మీకు ఎదురు చెబుతోందా? అన్నిటికీ "మీ ఇష్టం" అంటుంటే మీ గొంతులో ఇంకా ఆర్డర్ ఉంది.
- మీరు ఈ రాత్రి పోతే రేపు పొద్దున ఏ ఆఫీసుకు, ఏ కాగితంతో వెళ్లాలో ఆమెకు తెలుసా? ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టండి: రికార్డ్ ఆఫీసు అడ్రసు, సర్వీస్ నంబరు, పీపీఓ నంబరు, సైనిక సంక్షేమ కార్యాలయం ఫోన్.

ఆ కాగితం, పీపీఓ, పెళ్లి సర్టిఫికెట్ నా నల్ల ట్రంకులో పైన ఉన్నాయి, కింద నోటు పుస్తకం ఉంది. తాళంచెవి రెండోది చేయించి ఆమెకు ఇచ్చాను, మీరూ అలాగే ఇవ్వండి. తాళం బిగుసుకుపోయి ఉంటే ముందు రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, ఆమె చేత్తోనే ఒకసారి తీయించి చూడండి.